26 కిలోల బస్తా: 21 కిలోలు తగ్గిన ఒక టీచరు గారి కేసు

"సన్నబడ్డానండి. కానీ ఒంట్లో సత్తువే లేదండి."

2024 ఫిబ్రవరిలో ఆవిడ మా సెంటరుకి వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే అన్న మాట ఇది. కేసు షీట్లో ఫిర్యాదు రాసే గడిలో దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. రాజమండ్రిలో ఒక చిన్న హాల్లో బరువులు పెట్టుకుని, ఎక్కువగా నలభై దాటినవాళ్ళకి బలం పెంచే వ్యాయామాలు చేయిస్తుంటాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆవిడెవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.

వయసు 44, ఎత్తు 156 సెంటీమీటర్లు. ప్రభుత్వ హైస్కూల్లో టీచరు. 11 నెలల్లో 83 కిలోల నుంచి 62కి వచ్చారు. ఏ డైట్ గురువూ లేడు. రాత్రి భోజనం మానేశారు, మధ్యాహ్నం అన్నం సగం చేశారు, తెల్లారి ఐదింటికి లేచి గోదావరి గట్టు మీద రోజూ 8 కిలోమీటర్లు నడిచారు. పట్టుదల గల మనిషి. కానీ చుట్టాలు మెచ్చుకోవడం మానేసి "ఏమే, షుగర్ ముదిరిందా, ఇలా పీక్కుపోయావు" అనడం మొదలుపెట్టారు. ఆ మాటలకి ఆవిడ పెద్దగా బాధపడలేదు. బాధపడింది బియ్యం బస్తా దగ్గర. జీఎస్టీ వచ్చాక మన కొట్లలో 25 కిలోల బస్తా 26 కిలోలది అయిపోయింది కదా, గుమ్మం దగ్గర దించిన ఆ బస్తాని వంటింట్లోకి చేర్చలేక పక్కింటి కుర్రాణ్ణి పిలవాల్సి వచ్చింది. "83 కిలోలున్నప్పుడు నేనే మోసేదాన్నండి," అన్నారు.

ఇందులో వింతేమీ లేదు. బరువు తగ్గినప్పుడు పోయేదంతా కొవ్వే కాదు. నాలుగు కిలోలు తగ్గితే అందులో ఒక కిలో దాకా కొవ్వు కానిది ఉంటుందని మేం వాడే ముతక లెక్క. ప్రోటీన్ చాలక, బరువులు ఎత్తే పనీ లేకపోతే కండ వాటా ఇంకా పెరుగుతుంది. పైగా 83 కిలోల ఒంటిని మోసుకు తిరగడమే కాళ్ళకి రోజంతా వ్యాయామం. ఆ బరువు దిగిపోయాక కాళ్ళకి ఆ పనీ లేదు.

మొదటి రోజు కొలతలు ఇవి. కుడిచేతి పట్టు 16.5 కిలోలు. మన ఆసియా ఆడవాళ్ళకి 18 కన్నా తక్కువుంటే కండ బలహీనపడిందని అనుమానించాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 14.2 సెకన్లు పట్టింది. 12 దాటితేనే ఆలోచించాలి. నడుము 84 సెంటీమీటర్లు. నేల మీద కూర్చోబెట్టి లేవమంటే ఒక చెయ్యి నేలకి, ఇంకో చెయ్యి మోకాలికి ఆనించి లేచారు. ఒంట్లో కొవ్వెంత, కండెంత అని చూపించే మెషీన్ మా దగ్గరా ఉంది. తాగిన నీళ్ళని బట్టి దాని అంకె మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోను.

తెచ్చిన రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ 10.4. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 5.6, చాలా బావుంది. కానీ షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ 40, అన్నీ 83 కిలోలప్పుడు రాసిన మోతాదులోనే వేసుకుంటున్నారు. కూర్చున్నప్పుడు బీపీ 108/70, లేచి నిలబడగానే 94/60. "అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతాయండి, నీరసం అనుకున్నాను," అన్నారు. ముందు ఫిజీషియన్‌ని కలిసి మందులు సరిచేయించుకుని రమ్మన్నాను. అపాయింట్‌మెంట్ శనివారం అన్నారు.

ఇక్కడే నా మొదటి తప్పు. ఈలోగా తేలిగ్గా మొదలుపెడదామని గురువారం సాయంత్రం రమ్మన్నాను. ఆ రోజు పొద్దున 8 కిలోమీటర్లు నడిచారు, మధ్యాహ్నం పన్నెండున్నరకి గరిటెడు అన్నం తిన్నారు, ఆ తర్వాత టీ. ఆరు గంటలకి మూడో వ్యాయామం మధ్యలో చేతులు వణికాయి, నుదురంతా చెమట. గ్లూకోమీటర్ 61 చూపించింది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 88. అన్నం పెట్టించి ఇంటికి పంపాను. గ్లిమెపిరైడ్ పని క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. మనిషి తిన్నాడా లేదా, కిందటేడాది కన్నా 21 కిలోలు తక్కువున్నాడా అని అది చూడదు. శనివారం డాక్టరు గారు దాన్ని ఆపేశారు, బీపీ మాత్ర సగం చేశారు, రక్తహీనతకి ఐరన్ రాశారు. అప్పటినుంచి మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను: షుగర్, బీపీ మందులు వాడుతూ బాగా బరువు తగ్గినవాళ్ళని డాక్టరు చీటీ లేకుండా డంబెల్ ముట్టుకోనివ్వను.

ఏ ప్రోగ్రామ్?

ఆవిడ ఫోన్లో అప్పటికే మూడు ఉన్నాయి. మొదటిది ఇంటి దగ్గర్లో ఒక జిమ్ వాళ్ళు ఇచ్చిన చార్టు: సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, ఇలా వారానికి ఆరు రోజులు, రోజుకో భాగం, చివర్లో ముప్పావుగంట ట్రెడ్‌మిల్. మూడు వారాలు చేసి మోచేతి నొప్పితో మానేశారు. రెండోది యూట్యూబ్‌లో రెండు కిలోల గులాబీ రంగు డంబెళ్ళతో ఎగురుతూ చేసే 'టోనింగ్'. మూడోది అమెరికాలో ఉండే తమ్ముడు పంపింది: వారానికి మూడు రోజులు, రాడ్డుతో పెద్ద వ్యాయామాలు, ఐదేసి రెప్స్ (అంటే ఆగకుండా ఐదుసార్లు ఎత్తడం) ఒక సెట్, అలా ఐదు సెట్లు, వచ్చిన ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచుకుంటూ పోవడం.

ఆరు రోజుల చార్టు ఎందుకు వద్దన్నానంటే, అది అసలు చెడ్డదని కాదు. ఏళ్ళ తరబడి బరువులెత్తేవాళ్ళకి, కడుపునిండా తినేవాళ్ళకి బాగానే పనిచేస్తుంది. ఈవిడ బుధవారం స్టాఫ్ మీటింగ్ వల్ల రాలేకపోతే ఆ వారం కాళ్ళ వ్యాయామమే ఉండదు. టోనింగ్ వీడియోలు కేలరీలు కరిగిస్తాయి. ఆవిడ దగ్గర ఇక కరిగించాల్సినంత ఏముంది? ఆవిడ తిండి లెక్క వేస్తే రోజుకి 1,050 కేలరీలు వచ్చింది. ఆ ఎత్తు, బరువు, వయసున్న స్త్రీకి ఏ పనీ చెయ్యకుండా పడుకుని ఉన్నా 1,200 దాకా కావాలి.

అసలు నిర్ణయం ప్రోగ్రామ్ కన్నా ముందు జరగాలి. బరువు తగ్గడం కొన్నాళ్ళు ఆపాలి. ఒళ్ళు ఒకపక్క కరుగుతుంటే ఇంకోపక్క కండ కట్టదా అంటే, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి, ఇంకా బాగా కొవ్వున్నవాళ్ళకి కడుతుంది. కానీ 11 నెలలు అరకడుపుతో గడిపి, హిమోగ్లోబిన్ 10.4తో, మెట్లెక్కితే ఆయాసపడుతున్న మనిషి దగ్గర ఆ పందెం కాయలేను. ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖం వాడిపోయింది. "మళ్ళీ లావైపోతానేమోనండి." దానికి నా దగ్గర ధైర్యం చెప్పే మాటల్లేవు. ముందే జరగబోయేది చెప్పాను: తిండి పెంచిన రెండు వారాల్లో కిలో, కిలోన్నర పెరుగుతారు, అది కొవ్వు కాదు, కండల్లో మళ్ళీ చేరే పిండి పదార్థం నిల్వ, దాంతో చేరే నీరు. సరిగ్గా 1.4 కిలోలు పెరిగారు. ముందే చెప్పి ఉండకపోతే ఆ వారమే మానేసేవారు.

తిండిలో పెద్ద మార్పు ప్రోటీన్‌దే. రెండు ఇడ్లీలు, గరిటెడు పప్పు, మజ్జిగ, సాయంత్రం జామకాయ: అన్నీ కలిపితే 32 గ్రాములు కూడా లేవు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి చెప్పేదే కిలో బరువుకి 0.83 గ్రాములు. కోల్పోయిన కండ తిరిగి కట్టాలంటే అంతకన్నా ఎక్కువ ఉండాలని 75 గ్రాములు లక్ష్యం పెట్టాను. పొద్దున ఇడ్లీకి బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు, రెండు గుడ్లు. మధ్యాహ్నం పప్పు రెండు గరిటెలు, గట్టి పెరుగు. మానేసిన రాత్రి భోజనం మళ్ళీ మొదలు, అందులో చేపో కోడో. సోమవారం, శనివారం నీసు ముట్టరు కాబట్టి ఆ రెండు రోజులూ మీల్ మేకర్. ఎండువి 30 గ్రాములు నానబెట్టి వండితే 15 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, అంత చవగ్గా ఇంకేదీ ఇవ్వదు. నడక 8 కిలోమీటర్ల నుంచి 4కి తగ్గించాను. దానికి తిండి కన్నా ఎక్కువ వాదించారు. గట్టు మీద స్నేహితురాళ్ళున్నారు మరి.

నా ఎంపిక, నా తప్పు

నేను తమ్ముడు పంపిన ఐదు ఐదుల ప్రోగ్రామే ఎంచుకున్నాను. నాకు అదంటే ఇష్టం. పేజీలో సగం కూడా ఉండదు, ఆలోచించాల్సింది లేదు, అంకె ప్రతిసారీ పెరుగుతుంటే మనిషికి ఊపు వస్తుంది. మా దగ్గర పాతికేళ్ళ కుర్రాళ్ళకి బ్రహ్మాండంగా పనిచేసింది. రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ 15 కిలోలతో, నిలబడి తల మీదికి ఎత్తే ప్రెస్ 10 కిలోల రాడ్డుతో మొదలుపెట్టాం.

మొదటి మూడు వారాలు నిజంగానే బావుంది. మొదట్లో వచ్చే బలం కండ పెరగడం వల్ల వచ్చేది కాదు, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల వస్తుంది. అది ఎవరికైనా త్వరగానే వస్తుంది. ఆ అంకెల్ని చూసి నేను మురిసిపోయాను. స్క్వాట్ పదకొండో సెషన్‌కి 40 కిలోలు. ప్రెస్ మాత్రం 17.5 దగ్గర ఆగిపోయింది. 20 రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ దించేశారు. ఇక్కడ లెక్క చూడండి. మా దగ్గర ఉన్న అతిచిన్న ప్లేటు 1.25 కిలోలు, రెండు వైపులా కలిపి 2.5. స్క్వాట్‌లో 37.5 మీద 2.5 అంటే పదిహేనో వంతు. ప్రెస్‌లో 17.5 మీద 2.5 అంటే ఏడో వంతు. జీతం నెలకి ఏడో వంతు చొప్పున పెరగాలని అడిగినట్టే. ఆ ప్రోగ్రామ్‌ని రాసినవాళ్ళ మనసులో భుజాలు వెడల్పున్న కుర్రాడు ఉన్నాడు.

ఐదో వారంలో అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. పదో తరగతి పరీక్షలు మొదలై ఇన్విజిలేషన్. మోకాలి చిప్ప కింద నొప్పి, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. నిద్ర పట్టడం లేదన్నారు. ఒక్కో సెషన్ సెట్ల మధ్య విశ్రాంతితో కలిపి గంటా పావు పడుతోంది, బుధవారం రెండుసార్లు ఎగ్గొట్టారు. పుస్తకంలో చెప్పినట్టు బరువు పది శాతం దించి ఒక వారం నడిపాను. మళ్ళీ 37.5కి వచ్చేసరికి మోకాలు మళ్ళీ పట్టేసింది. కండ వారాల్లో బలపడితే, దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువుకి నెలలు కావాలి. ప్రతి రెండు రోజులకీ బరువు పెంచే ప్రోగ్రామ్‌లో స్నాయువుకి ఆ సమయం దొరకదు. రక్తహీనత ఇంకా పూర్తిగా తీరలేదు కూడా. ఇదంతా నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ నాకిష్టమైన ప్రోగ్రామ్‌ని ఆవిడ మీద పెట్టాను.

రెండోసారి ఎంచుకునేటప్పుడు ప్రోగ్రాముల్ని పక్కన పెట్టి ఆవిడ డైరీ అడిగాను. ఏప్రిల్ మొదట్లో స్పాట్ వాల్యుయేషన్, నెలాఖరు నుంచి సెలవులు, మేలో ఎన్నికల డ్యూటీ, జూన్‌లో మళ్ళీ బడి. ఎంత గడ్డు వారంలోనైనా ఖచ్చితంగా రాగలిగే రోజులు ఎన్ని? రెండు. మంగళవారం, శుక్రవారం, ముప్పావుగంట. అంతే, ప్రోగ్రామ్ అక్కడినుంచి కట్టాను.

రెండు రోజులూ ఒళ్ళంతటికీ వ్యాయామమే. డంబెల్ గుండెకి ఆనించి పట్టుకుని బెంచీ మీద కూర్చుని లేచే స్క్వాట్. నేల మీద నుంచి కాకుండా రెండు దిమ్మల మీద నుంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్. ఎత్తు బల్లకి చేతులానించి పుషప్. ఒంటిచేత్తో డంబెల్ వెనక్కి లాగడం. ఒక మోకాలి మీద నిలిచి ఒంటిచేత్తో ప్రెస్. చివర్లో రెండు చేతుల్లో బరువు పట్టుకుని నడక. మొదటి నాలుగు వారాలు ఒక్కోటి రెండే సెట్లు, తర్వాత మూడు. ఒక్కో సెట్ 8 నుంచి 12 రెప్స్, ఇంకో రెండు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపేయడం. అన్ని సెట్లలోనూ 12 వచ్చాకే బరువు పెరుగుతుంది. అది వారమా, మూడు వారాలా అన్నది ఒంటి ఇష్టం.

రెండు సెట్లు చాలా అని ఆవిడకి అనుమానం. నాకు మాత్రం డెలోర్మ్ గుర్తొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల మోకాళ్ళకి బరువులతో వైద్యం చేసిన అమెరికన్ ఆర్మీ డాక్టరు. మనం కళ్ళు మూసుకుని చెప్పే 'మూడు సెట్లు, పదేసి రెప్స్' ఆయన పుణ్యమే. మొదట ఆయనా ఏడు నుంచి పది సెట్లు చేయించి, 1948 నాటికి మూడు చాలని తగ్గించాడు.

ఆదివారం ఇంట్లో పావుగంట, రెండు బకెట్లు. నాకు బాగా పనికొచ్చిన ఉపాయం ఇదే. లీటరు నీళ్ళు కిలో. జిమ్‌లో లేని అరకిలో ప్లేటు ప్రతి వంటింట్లోనూ ఉంది. ఒక్కో బకెట్‌లో 8 లీటర్లతో మొదలై వారానికి అరలీటరు చొప్పున పెంచుకుంటూ డాబా మీద ఇటునుంచి అటు నడిచేవారు. చేతి పట్టు పెరగడానికి జిమ్‌లో చేసినదానికన్నా ఈ బకెట్లే ఎక్కువ కారణమని నా నమ్మకం. అత్తగారు మాత్రం "ఈ వయసులో నీకీ మగరాయుడి పనులేంటమ్మా" అన్నారట. సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మన సిక్కోలు కరణం మల్లీశ్వరిని గుర్తుచేశారట ఈవిడ. ఆ తర్వాత అత్తగారు ఏమన్నారో నాకు చెప్పలేదు.

మోకాలి నొప్పి కొత్త ప్రోగ్రామ్‌లో మూడు వారాలకి పోయింది. వేసవి సెలవుల్లో రాజమండ్రి ఎండలకి సాయంత్రం ఆరింటికి కూడా హాలు నిప్పుల కొలిమే, అందుకని పొద్దున్నే రప్పించాను. మేలో పోలింగ్ డ్యూటీకి ముందూ వెనకా కలిపి వారం పోయింది. శ్రావణ మాసంలో ఇంట్లో పెళ్ళి, ఇంకో రెండు వారాలు. ప్రతిసారీ ఆపిన బరువుకి పదో వంతు తగ్గించి మొదలుపెట్టాం, వారంలో వెనక్కి వచ్చేసింది. ఐదు ఐదుల ప్రోగ్రామ్‌లో ఉండి ఉంటే ఈ విరామాల్ని ఆవిడ ఓటమిగా లెక్కేసుకునేవారు.

పద్దెనిమిదో వారంలో, బడులు తెరిచిన రోజుల్లో, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. వంటింట్లో స్టీలు డబ్బా పక్కన బియ్యం బస్తా. ఫొటోలో మనిషి లేదు, కింద ఒక్క ముక్కా రాయలేదు.

28 వారాలకి కొలతలు: బరువు మధ్యలో 64.1 దాకా వెళ్ళి 62.3 దగ్గర నిలిచింది. నడుము 84 నుంచి 79. చేతి పట్టు 22 కిలోలు. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం 9.1 సెకన్లు. దిమ్మల మీద నుంచి డెడ్‌లిఫ్ట్ 52.5 కిలోలు, 8 రెప్స్. హిమోగ్లోబిన్ 12.1. షుగర్ ఒక్క మెట్‌ఫార్మిన్‌తో అదుపులో ఉంది. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు, దాన్ని దొర్లించకుండా రెండు చేతులతో లేపి పక్కకి పెట్టగలుగుతున్నారు.

రానివీ ఉన్నాయి. నేల మీద పూర్తి పుషప్ ఒక్కటీ రాలేదు, బల్ల ఎత్తు 75 సెంటీమీటర్ల నుంచి 30 దాకా దిగింది, అంతే. జబ్బల కింద వేలాడే చర్మం అలాగే ఉంది. వ్యాయామంతో అది బిగుస్తుందని ఆవిడకి ఎవరో చెప్పారు. లోపల కండ కొంచెం నిండుతుంది గానీ సాగిన చర్మం మీద నా డంబెళ్ళకి అధికారం లేదని మొదటి నెలలోనే చెప్పేశాను. అయినా ప్రతి నెలా ఒకసారి అడుగుతారు.

ఇక బలం సంగతి. ఆవిడ మెరుగుదలలో ఎంత నా ప్రోగ్రామ్‌ది, ఎంత ఐరన్ మాత్రలది, ఎంత పెసరట్టుది అంటే విడదీసి చెప్పలేను. అన్నీ ఒకేసారి మారాయి. రక్తం సరిపడా లేని మనిషికి రక్తం వస్తే మెట్లెక్కడం తేలికవుతుంది, అందులో నా ఘనత ఏమీ లేదు. ఒక్కటి మాత్రం అంకెల్లో ఉంది: మొదటి ప్రోగ్రామ్‌లో వారానికి మూడు సెషన్లలో ఆవిడ సగటున రెండిటికే వచ్చారు. రెండోదాంట్లో సెలవు పెట్టిన వారాలు తీసేస్తే, రెండిటికి రెండూ.

ఆగస్టు చివర్లో ఆఖరి కొలతల రోజు ఆవిడ అడిగిన ప్రశ్న: "ఇప్పుడింకో ఐదు కిలోలు తగ్గించనాండి?" ఎత్తుకి బరువు ఎంతో చూసే బీఎంఐ లెక్క ప్రకారం ఆవిడ ఇంకా 25 మీదే, అంటే ఎక్కువ బరువు కిందే ఉన్నారు, అడగడంలో తప్పు లేదు. సంక్రాంతి వెళ్ళేదాకా ఆగమన్నాను. తర్వాత చేసినా నెలకి కిలో దాటకుండా, రాత్రి భోజనం మానకుండా, ఇవే రెండు రోజుల వ్యాయామం కొనసాగిస్తూ. సరేనన్నారు. వేయింగ్ మెషీన్ మా సెంటర్లో ఇచ్చేస్తానని ఏప్రిల్‌లో మాటిచ్చారు. అది ఇంకా వాళ్ళింట్లో మంచం కిందే ఉందట.